పాఠశాలయు, పల్లెయు: హిజ్లీ చెప్పు పాఠము

ప్రాచీన గురుకులమున బ్రహ్మచారి ప్రతిదినము భిక్షాటనము చేయవలెనను నియమము కలదు. శిష్యుని అహంకారమును అణచుటకే ఈ నియమ మేర్పడెనని సామాన్యముగా చెప్పుదురు. అది నిజమే గాని దాని ప్రయోజన మంతటితో ముగియదు. పాత్ర చేతబూని వాకిట నిలిచిన బాలుని ఆ యింటి యిల్లాలు ఎరుగును. అతడు ఎవరి యొద్ద చదువుచున్నాడో, నిన్న ఏల రాలేదో, ఈ యేడు ఎంత యెదిగెనో ఆమెకు తెలియును. తాను పెట్టిన పిడికెడన్నముచే ఆ విద్యలో ఆమెకును పాలు కలిగెను. శిష్యుడు కూడ తన దేహము ఏ యొక్క ధనికుని దానముచేతనో గాక ఊరందరి అన్నముచేత పెరుగుచున్నదని ప్రతిదినము తెలిసికొనుచుండెను. చదువు ముగిసిన పిదప ఆ ఊరికి తాను ఋణపడి యున్నానను సంగతిని అతనికి వేరుగ బోధింప నక్కర లేకుండెను.

ఆ కాలపు విద్య అందరికిని అందలేదనుట సత్యము. అనేక వర్గముల వారికిని, స్త్రీలకును ఆ ద్వారములు మూసికొనియే యుండెను. ఆ లోపమును మరల తెచ్చుకొన నక్కర లేదు. కాని ఆ పద్ధతిలో నున్న యొక సూత్రము మాత్రము పోగొట్టుకొన రానిది. విద్యాలయమును పోషించువారు దానిని ఎరిగియుండవలెను. అందు పోషింపబడినవారు తమ పోషకులను ఎరిగియుండవలెను. నేడు పన్నుల రూపమునను, రుసుముల రూపమునను పాఠశాలకు ధనము చేరుచునే యున్నది. కాని ఇచ్చువాని ముఖము పుచ్చుకొనువానికి తెలియదు. తల్లిదండ్రులు బిడ్డను గేటు కడ విడిచి మరలిపోవుదురు. ఉపాధ్యాయుడు సాయంకాలపు గంట మ్రోగగానే బస్సెక్కి పట్టణము చేరును. బడి ఊరిలో నున్నది గాని, ఊరిది కాదు.

ఈ యెడబాటును తొలగించు టెట్లు? వంగదేశమందలి మేదినీపుర మండలమున, ముఖ్యముగా హిజ్లీ యందును దాని పరిసరములందును జరిగిన కొన్ని యథార్థ విషయములను పరిశీలించినచో ఈ ప్రశ్నకు చక్కని సమాధానము లభించును.

చెరసాల విద్యాశాల యగుట

హిజ్లీ ఖరగ్‌పూరు రైల్వే పట్టణమును ఆనుకొని యున్న ప్రదేశము. నేడు పశ్చిమ మేదినీపుర మండలములో చేరియున్నది. 1930లో ఆంగ్ల ప్రభుత్వము విచారణ లేకయే నిర్బంధించిన దేశభక్తుల నుంచుటకై అచ్చట నొక శిబిరము నేర్పరచెను. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి కావలిభటులు ఖైదీలపై కాల్పులు జరుపగా సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర సేన్‌గుప్త అను ఇరువురు యువకులు మరణించిరి. వారి దేహములను గొనిపోవుటకు సుభాష్‌చంద్ర బోసు స్వయముగా హిజ్లీకి వచ్చెను. రవీంద్రనాథ ఠాకూరు కలకత్తాలో జరిగిన బహిరంగ సభయందు ఆ దురంతమును తీవ్రముగా ఖండించెను. 1942లో ఆ శిబిరము మూతపడెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆ భవనమునకే నూతన జన్మము కలిగెను. 1951 ఆగస్టులో 224 మంది విద్యార్థులతోను, 42 మంది అధ్యాపకులతోను మన దేశపు మొదటి ఐ.ఐ.టి. ఆ శిబిర భవనమందే తరగతుల నారంభించెను. ఆ నెల 18వ తేదీన మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానికి ప్రారంభోత్సవము చేసెను. జ్ఞానచంద్ర ఘోష్ దానికి మొదటి డైరెక్టరు. 1956లో జరిగిన మొదటి స్నాతకోత్సవమున జవహర్‌లాల్ నెహ్రూ ఈ మార్పును నవభారతమునకు చిహ్నముగా వర్ణించెను. కుశలతతో కర్మ నాచరించుటయే యోగమను గీతాభావమును ఆ సంస్థ తన ధ్యేయముగా స్వీకరించినది. నాటి నిర్బంధ శిబిర భవనమున 1990 నుండి నెహ్రూ పేర నొక విజ్ఞాన ప్రదర్శనశాల నడచుచున్నది.

చెరసాల విద్యాశాల యగుట శుభము. ఐనను ఇచ్చట ఆలోచింపవలసిన దొకటి కలదు. చెరసాల గోడ లోనివారు వెలుపలికి పోకుండుటకై కట్టబడినది. విద్యాలయపు గోడ వెలుపలివారు లోనికి రాకుండుటకై నిలిచినచో ఆ గోడ పని మారినదే గాని గోడ తొలగినట్లు కాదు. దేశపు నలుమూలల నుండి యువకులు కఠిన పరీక్షలలో నెగ్గి హిజ్లీకి వచ్చుచున్నారు. నాలుగైదేండ్లు చదివి ప్రపంచపు నలుమూలలకును పోవుచున్నారు. ఆ ప్రాంగణమునకు చేరువనే ఎఱ్ఱమట్టి నేలలో, సాలవృక్షముల నడుమ పల్లెలు కలవు. అందు సంతాలులు మున్నగు శ్రమజీవుల బిడ్డలు అనేకులు తమ వంశమున మొదటిసారిగ పలక పట్టినవారు. అఖండ దీపము వెలుగుచున్న ఆలయపు ప్రాకారము క్రిందనే చీకటి నిలుచుట వంటిది ఈ స్థితి. ఇది ఒక్క హిజ్లీ దోషము కాదు. ఏ పెద్ద విద్యాసంస్థ చుట్టు చూచినను కొంత ఇట్లే యుండును. దీనిని దాటిన మార్గములను పరికింతము.

ఊరు కట్టిన బడి

మేదినీపుర మండలమునకు ఈ విషయమున గొప్ప వారసత్వము కలదు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1820లో ఈ ప్రాంతపు వీరసింహ గ్రామమున జన్మించెను. 1853లో ఆయన స్వగ్రామమున బడి నెలకొల్పి, దాని వ్యయమును తానే వహించెను. ఆయన తల్లి భగవతీదేవి దూరము నుండి వచ్చిన పేద విద్యార్థులకు తన యింట అన్నము పెట్టెడిది. 1866 నాటి క్షామమున ఆ గ్రామమందే ఆయన అన్నసత్రము తెరచెను. ఆకలి గొన్నవానికి అన్నము పెట్టని విద్యాదానము ఆయనకు పూర్ణముగా తోచలేదు.

1857 నవంబరు మొదలు 1858 మే వరకు, ఆఱేడు మాసములలో, విద్యాసాగరుడు హుగ్లీ, బర్ద్వాన్, మేదినీపుర, నదియా మండలములలో 35 బాలికా పాఠశాలలు స్థాపించెను. వానిలో సుమారు 1300 మంది బాలికలు చేరిరి. ఆడుపిల్ల చదివినచో విధవ యగునని నమ్ము ప్రజలు నాడు కొల్లలుగ నుండిరనుట జ్ఞాపకముంచుకొనినచో ఈ సంఖ్య యెంత గొప్పదో తెలియగలదు. ఆయన అనుసరించిన పద్ధతి సరళమైనది: బడికి తగిన గృహమును గ్రామస్థులు ఏర్పరుపవలెను, ఉపాధ్యాయుల జీతమును ప్రభుత్వ మొసగును. గ్రామస్థులు తమ మాట నిలుపుకొనిరి. ప్రభుత్వము మాత్రము శాశ్వత సహాయమునకు అంగీకరింపలేదు. నెలల తరబడి ఉపాధ్యాయులకు జీతము లేకపోయెను. విద్యాసాగరుడు 1858లో తన ప్రభుత్వోద్యోగమునకు రాజీనామా నిచ్చెను. పిదప స్త్రీవిద్యకై యొక నిధి నేర్పరచి, మిత్రుల యొద్ద చందాలు గ్రహించి, తన ధనమును చేర్చి ఆ బడులలో కొన్నింటిని నిలుపుటకు పాటుపడెను.

ఈ చరిత్రయందు రెండు పాఠములు కలవు. మొదటిది: బడి కావలెనని ఊరి వారికి తోచినచో వారు గోడలు కట్టుదురు, కప్పు వేయుదురు, స్థల మిత్తురు, పేదరికము అడ్డు రాదు. రెండవది: ఊరి సహకార మొక్కటియే చాలదు. ఒడంబడికలోని ఒక పక్షము వెనుదిరిగినచో రెండవ పక్షపు భారము ఇనుమడించును. సహకార మనునది ప్రభుత్వము తన బాధ్యతను ప్రజలపై త్రోసివేయుటకు సాకు కారాదు. ఇరువురును మోయవలసిన కావడిని ఒక్కరే మోయునట్లు చేయుట సహకారము కాదు.

మూడవ పాఠము కొంత బాధాకరమైనది. మనస్పర్థల వలన 1869లో విద్యాసాగరుడు వీరసింహమును విడిచెను. జీవితాంతము వరకు మరల ఆ ఊరు ద్రొక్కలేదు. మహాత్ములకును తమ ఊరితో ఎడబాటు కలుగవచ్చును. కాని 1890లో భగవతీదేవి పేర ఆ గ్రామమున పాఠశాల నెలకొన్నది. స్థాపకునికి ఊరితో గల బంధము తెగినను, విద్యకు ఊరితో గల బంధము తెగకుండుటయే స్థాపకుని నిజమైన విజయము.

విద్యాసాగరుని సమకాలికుడగు రాజనారాయణ బసు 1851లో మేదినీపుర ప్రభుత్వ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగ వచ్చెను. ఈయన శ్రీ అరవిందుల మాతామహుడు. పిల్లలను కొట్టి చదివించు పద్ధతిని ఆయన మాన్పించెను. అంతటితో తన పని ముగిసినదని తలపక పట్టణమున బాలికల బడిని, పగలు పని చేయువారికి రాత్రి పాఠశాలను, ప్రజలకు గ్రంథాలయమును నెలకొల్పుటకు పాటుపడెను. ఒక ప్రధానోపాధ్యాయుడు తన బడికి వచ్చిన పిల్లలకే గాక బడికి రాని వారికిని తాను గురువునే యని తలచినచో ఊరి కెంత మేలు కలుగునో ఈయన జీవితము చూపుచున్నది.

పొరుగింటి గురువు

పట్టణపు వీధులలో ఈ బంధ మెట్లు కుదురునో సోదరి నివేదిత కలకత్తా బాగ్‌బజారులో చూపినది. 1898 నవంబరు 13వ తేదీన, కాళీపూజా దినమున, శ్రీ శారదాదేవి ఆమె బాలికా పాఠశాలకు ప్రారంభోత్సవ మొనర్చిరి. పరదేశపు స్త్రీ నడుపు బడికి తమ బిడ్డలను పంపుట కులాచారపరులగు గృహస్థులకు సులభము కాదు. నివేదిత వాదములతో వారిని జయింప ప్రయత్నింపలేదు. ఆ సందులలోనే నివసించి, ఆ యిండ్ల ఆచారములను గౌరవించి, పొరుగువారి సుఖదుఃఖములలో పాలుపంచుకొనెను.

1899లో నగరమున ప్లేగు వ్యాపింపగా రామకృష్ణ మిషన్ చేపట్టిన సేవాకార్యమున ఆమె ముఖ్యురాలై నిలిచెను. స్వామి సదానందులు పాకీవారితో కలిసి మురికివాడలను శుభ్రము చేయించుచుండిరి. నివేదిత తానే చీపురు పట్టి సందు నూడ్చుట చూచి సిగ్గుపడిన వీధి యువకులు ఆమె చేతి చీపురును తాము పుచ్చుకొనిరి. ప్లేగు సోకిన పసిబిడ్డను ఒడిలో నుంచుకొని ఆమె పరిచర్య చేసెను. ఇట్టి గురువు బడికి బిడ్డను పంపుమని ఇంటింట బతిమాల నక్కర లేదు. ఊరి కష్టమున నిలిచిన బడిని ఊరు విడువదు.

1903లో సోదరి క్రిస్టీన్ ఆ విద్యాలయమందే గృహిణులకు తరగతు లారంభించెను. బిడ్డ మాత్రము చదివి, తల్లి చదువునకు దూరమై యున్నచో ఇంటికిని బడికిని నడుమ నొక అగాధ మేర్పడును. తల్లి కూడ ఆ గుమ్మమున అడుగిడినచో ఆ అగాధము పూడును.

పల్లెకు పోయిన విద్య

మేదినీపుర చరిత్రను, నివేదిత ఉదాహరణమును మనసున నుంచుకొని మరల హిజ్లీకి వత్తము. పేద బాలుడు పొలము పనులలో తండ్రికి తోడ్పడవలసి యుండుటచే బడికి రాలేడు గాన విద్యయే అతని పొలమునకు, అతని కర్మాగారమునకు, అతని యింటికి పోవలెనని స్వామి వివేకానందులు 1894 జూనులో మైసూరు మహారాజునకు వ్రాసిన లేఖలో సూచించిరి. గోళమును, చిత్రములు చూపు దీపయంత్రమును తీసికొని సాయంవేళ పల్లెకు పోయి ఖగోళ, భూగోళ విషయములు చెప్పవచ్చునని వారి భావము. గాంధీ శతజయంతి సందర్భమున 1969 సెప్టెంబరు 24వ తేదీన 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథక మారంభమగుటతో విద్యార్థులు గ్రామములకు పోవుటకు దేశవ్యాప్తముగా నొక మార్గ మేర్పడెను.

హిజ్లీ విద్యార్థులు దీనిని మరి యొక మెట్టు పైకి కొనిపోయిరి. ప్రాంగణమునకు సమీపమున నున్న గోపాలీ ప్రాంతపు బిడ్డలకొఱకు వారు 2002లో గోపాలీ యూత్ వెల్ఫేర్ సొసైటీ అను సంఘమును స్థాపించిరి. ఆ సంఘ పక్షమున 2008లో జాగృతి విద్యా మందిర్ అను పాఠశాల వెలసెను. దానిని నడుపువారు విద్యార్థులే. దాతలను వెదకుట, లెక్కలు చూచుట, గ్రామస్థులతో మాటలాడుట వారి పనియే. ఇరువదేండ్ల యువకునకు ఇది పుస్తకములలో దొరకని విద్య. తనకు సులభమైన గణితమును పల్లె బాలునకు తెలియజెప్పుటకు యత్నించిన నాడే తనకు ఆ గణితము నిజముగా తెలియునో లేదో అతనికి బోధపడును. వ్యవసాయపు పనుల దినములలో బిడ్డ బడికి ఏల రాడో పల్లె తల్లి చెప్పగా విన్ననాడే గ్రామజీవనము అతనికి అర్థమగును. ఇచ్చట గురువెవరు, శిష్యుడెవరు? ఇచ్చువాడు పుచ్చుకొనుచున్నాడు, పుచ్చుకొనువాడు ఇచ్చుచున్నాడు. దేవతలును మానవులును పరస్పరము పోషించుకొని శ్రేయస్సు పొందవలెనని గీత చెప్పిన యజ్ఞభావము ఇదియే.

ఇట్టి కార్యమునకు సహజమగు నొక కష్టము కలదు. విద్యార్థి నాలుగైదేండ్లకు వెడలిపోవును. అతని స్థానమున క్రొత్తవాడు వచ్చును. పల్లె మాత్రము అచ్చటనే యుండును. అందుచే ఇట్టి పాఠశాల స్థిరత్వము వచ్చిపోవు వారి ఉత్సాహముపై గాక, అచ్చటనే నిలిచియుండు తల్లిదండ్రుల మమకారముపై ఆధారపడవలెను. సేవ చేయువాడు తనకు తాను వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: రేపు నేను లేనిచో ఈ పని నిలుచునా? నిలువదని తోచినచో ఊరివారికి ఇంకను బాధ్యత నప్పగింపలేదన్నమాట.

ఇంటి భాష, బడి భాష

ఖరగ్‌పూరు నందు తెలుగువారికి ప్రత్యేక స్థానము కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచ్చట కర్మాగారమును నెలకొల్పిన నాటి నుండియు శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల నుండి వేలాది కుటుంబములు వలస వచ్చినవి. వారు సంఘములను, ఆలయములను, తెలుగు నేర్పు పాఠశాలలను ఏర్పరచుకొనిరి. అల్పసంఖ్యాక భాషల వారి బిడ్డలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పుటకు రాష్ట్రములు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమునకు 350ఎ అధికరణము చేర్పబడెను. పశ్చిమ వంగ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నొసగుటకు నిర్ణయించెను.

ఇవి సంతోషింపదగినవే. కాని హక్కు కాగితముపై నుండి తరగతి గదిలోనికి తానై నడచిరాదు. దానిని తీసికొనిరావలసినది సమాజము. ఉపాధ్యాయుడు లేనప్పుడు అడుగువారు, పుస్తకములు రానప్పుడు తెప్పించువారు, అన్నిటికంటె ముఖ్యముగ తమ బిడ్డలను ఆ బడికి పంపువారు ఉండవలెను. ఇంట తెలుగు, వీధిలో వంగము, కర్మాగారమున హిందీ, కొలువునకు ఆంగ్లము కావలసిన పట్టణమున తల్లిదండ్రుల సంశయము సహజమే. ఐనను తల్లి మాటలాడు భాషకు బడిలో గౌరవము లేనిచో తల్లికి కూడ గౌరవము లేదని బిడ్డ గ్రహించును. ఆ తల్లి బడి గుమ్మ మెక్కుటకు వెనుదీయును.

ఈ సూక్ష్మమును గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో గ్రహించిరి. సవరల బిడ్డలకు చదువు చెప్పగోరి వారు మొదట సవరల భాషను తాము నేర్చుకొనిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. తమ ధనము వెచ్చించి బడులు నడపిరి. ప్రభుత్వము వారి కృషికి పారితోషిక మీయబోగా, దానిని తాము గ్రహింపక, ఆ ధనముతో సవరల భాషలోనే బోధించు బడి పెట్టుడని కోరిరి. వారు వ్రాసిన సవర భాషా వ్యాకరణము 1931లో వెలువడినది. సమాజమును బడికి రమ్మనుటకు ముందు బడి సమాజము నొద్దకు పోయి శిష్యత్వము చేయవలెనని వారి జీవితము బోధించుచున్నది. సంతాలు పల్లెలో పాఠము చెప్పు ఖరగ్‌పూరు తెలుగు యువకునకు ఇంతకంటె దగ్గర ఆదర్శ మేది కావలెను?

కర్తవ్యము

2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలలకును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలకును నిర్వహణ సంఘము లుండవలెను. అందు సభ్యులలో నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సగము మంది స్త్రీలు కావలెను. ఈ ఏర్పాటు భిక్షాపాత్రకు నేటి రూపమని చెప్పవచ్చును. కాని సభ్యులు సంతకము చేయుటకు మాత్రమే పిలువబడినచో ఆ పాత్ర రిక్తమే.

ఉపాధ్యాయుడు చేయదగిన పనులు స్వల్పములు, కాని ఫలము గొప్పది. మాసమున కొక్కసారియైన ప్రతి విద్యార్థి యింటి గుమ్మము చూడవలెను. ఫిర్యాదు చేయుటకు గాక పరిచయము పెంచుకొనుటకు పోవలెను. ఊరి కుమ్మరిని, వడ్రంగిని, రైతును, పాటకత్తెను తరగతికి పిలిచి వారి విద్యను బాలురకు చూపింపవలెను. తన తండ్రి చేతిపనిని గురువు మెచ్చుకొనుట చూచిన బాలుడు తన ఇంటిని చూచి సిగ్గుపడడు. తల్లిదండ్రుల సమావేశమును వారికి తీరిక యగు వేళ పెట్టవలెను. దినకూలి పోగొట్టుకొని వచ్చిన తండ్రికి మార్కుల పట్టిక చదివి వినిపించి పంపివేయుట న్యాయము కాదు.

తల్లిదండ్రులు కూడ తమ పాలు మరువరాదు. రుసుము చెల్లించుటతో తమ పని తీరినదని తలచుట అన్నమునకు వెలయిచ్చి ఆకలిని వేరొకరిని తీర్చుకొమ్మనుట వంటిది. సాయంకాలము బిడ్డ దగ్గర కూర్చుండుటకు తల్లికి చదువు రానక్కర లేదు. నేడేమి నేర్చితివని అడిగి, చెప్పినదానిని శ్రద్ధగా వినిన చాలును. బడి బావి పూడినచో, గోడ కూలినచో, అది సర్కారుదని విడువక తమ యింటిదిగా భావింపవలెను. ప్రభుత్వము చేయవలసినదానిని మాత్రము నిర్భయముగా అడుగవలెను.

చదివి పెద్దవారైన పూర్వవిద్యార్థుల కర్తవ్యము ఋణము తీర్చుట. ధనము పంపుట మంచిదే. కాని ధనముతో పాటు తామును రావలెను. తాము నడచిన దారి చూపుటకు ఒక పూట తరగతిలో నిలిచినచో, ఏ పల్లె బాలుడో తనకును ఆ దారి కలదని తెలిసికొనును.

హిజ్లీలో చెరసాల తలుపులు తెరచుటకు ఒక తరము రక్తము ధారవోసినది. ఆ తలుపులను రెండు వైపులకును తెరచియుంచుట, లోని జ్ఞానము పల్లెకు, పల్లె జీవనానుభవము లోనికి ప్రవహించునట్లు చూచుట, తరువాతి తరముల పని. జీవుని శివుడుగ సేవింపుమని శ్రీరామకృష్ణులు బోధించిరి. బడి గుమ్మము వెలుపల నిలిచియున్న బాలుడు కూడ ఆ శివుడే. అతనిని లోనికి పిలుచుట దయ కాదు, పూజ. అతని వెంట అతని తల్లిని, తండ్రిని, వారి భాషను, వారి ఊరిని కూడ ఆదరముతో ఆహ్వానించిన నాడే ఆ పూజ సంపూర్ణ మగును.